వాణిజ్య వ్యాజ్యాల న్యాయవాది

వాణిజ్య వ్యాజ్యాల న్యాయవాది అనగా వ్యాపార లావాదేవీల వలన ఏర్పడిన తగాదాలను న్యాయస్థానములో నడిపించే న్యాయవాది. వీరిలో కొందరు న్యాయవాద సంస్థలలోను, మరికొందరు స్వతంత్రముగాను పనిచేస్తారు. తెలంగాణలోని జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో ధాన్యము, మిరప, బొగ్గు, నిర్మాణ పనుల చుట్టూ వ్యాపారము జరుగుతున్నది.

అర్హతలు

న్యాయశాస్త్ర పట్టా పొంది, 1961 నాటి న్యాయవాదుల చట్టము ప్రకారము రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదు కావలెను. అఖిల భారత బార్ పరీక్షలో కూడా ఉత్తీర్ణత పొందవలెను.

చట్టము, న్యాయస్థానములు

వాణిజ్య న్యాయస్థానముల చట్టము 2015లో వచ్చినది. మొదట 1 కోటి రూపాయలు, అంతకు పైబడిన వివాదములకే వర్తించేది. 2018 సవరణతో ఈ పరిమితి 3 లక్షలకు తగ్గినది. అందువలన చిన్న పట్టణాల వ్యాపారుల తగాదాలు కూడా దీని పరిధిలోకి వచ్చాయి. సరుకుల అమ్మకము, భాగస్వామ్యము, నిర్మాణ ఒప్పందములు, బీమా మొదలగునవి వాణిజ్య వివాదములు.

పై మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. అవి ప్రత్యేక న్యాయ జిల్లాలుగా 2022 జూన్ 2న ప్రారంభమయ్యాయి. అంతవరకు ఈ ప్రాంతము ప్రధానముగా వరంగల్లు జిల్లా జడ్జి పరిధిలో ఉండేది.

దావా నడిచే విధానము

ఉదాహరణకు, ఒక మిల్లు యజమాని 5 లక్షల రూపాయల బియ్యము అరువుకు ఇచ్చాడనుకుందాము. అరువు గడువు ముగిసిన నాటి నుండి 3 సంవత్సరాలలో దావా వేయకపోతే అతడు ఆ హక్కును కోల్పోతాడు. అందుచేత న్యాయవాది మొదట తేదీలను పరిశీలిస్తాడు.

* మధ్యవర్తిత్వము: అత్యవసర ఉత్తర్వు కోరనపుడు, దావాకు ముందు మధ్యవర్తిత్వమునకు వెళ్ళుట తప్పనిసరి. 2022లో సుప్రీంకోర్టు దీనిని స్పష్టము చేసినది. ఈ దరఖాస్తును జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థకు ఇవ్వవచ్చును. మధ్యవర్తిత్వములో గడచిన కాలము పై 3 సంవత్సరాలలో లెక్కకు రాదు.
* పత్రములు: బిల్లులు, రసీదులు, ఒప్పందములు దావాతోనే దాఖలు చేయవలెను. ఫోను సందేశముల ప్రతులను సాక్ష్యముగా చూపుటకు ధ్రువపత్రము కావలెను.
* జవాబు: ప్రతివాది సమన్లు అందిన 30 రోజులలో, అనుమతితో గరిష్ఠముగా 120 రోజులలో, లిఖితపూర్వక జవాబు ఇవ్వవలెను. ఆ తరువాత న్యాయస్థానము కూడా గడువు పొడిగించలేదని 2019లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. సమన్లను పట్టించుకోని వ్యాపారి, న్యాయము తనవైపు ఉన్నప్పటికీ జవాబు చెప్పుకునే అవకాశము కోల్పోవచ్చును.
* ఖర్చులు: సాధారణముగా ఓడినవారు గెలిచినవారి ఖర్చులు చెల్లించవలెను.
* అప్పీలు: తీర్పు వెలువడిన 60 రోజులలో చేసుకొనవలెను.

వృత్తి నియమములు

న్యాయవాది గెలుపును బట్టి రుసుము నిర్ణయించుకొనరాదు. వచ్చిన సొమ్ములో వాటా అడుగరాదు, పనికోసం ప్రకటనలు ఇవ్వరాదు. కక్షిదారు చెప్పిన రహస్యములను కాపాడుట అతని విధి. పాఠశాల నుండి పెద్ద న్యాయస్థానము వరకు వెళ్ళగోరే విద్యార్థులు వాగ్ధాటితోపాటు లెక్కలు, ఖాతాపుస్తకములు చదువుట కూడా నేర్చుకొనుట మంచిది. ఈ వృత్తిలో వాదన కన్నా కాగితముల పరిశీలనకే ఎక్కువ సమయము పడుతుంది.

ఇవి కూడా చూడండి

* తెలంగాణ ఉన్నత న్యాయస్థానము
* న్యాయవాది
* జనగామ జిల్లా