క్రొత్త బ్యాటరీ వచ్చినదని కారునకు చెప్పవలెనా?

తెల్లవారుజామున ప్రయాణమునకు సిద్ధమై, సామాను సర్ది, పిల్లలను కూర్చుండబెట్టి మీట నొక్కగా, కారు ‘టక్కు’ మని ఒక్క శబ్దము చేసి ఊరకుండుట పలువురకు అనుభవమే. ఒకప్పుడు నలుగురు చేరి త్రోసినచో ఇంజను అందుకొనెడిది. గేరులు తమంతట తామే మారునట్టి నేటి కార్లకు ఆ ఉపాయము పనికిరాదు. బ్యాటరీని మార్చుట యొక్కటియే శరణ్యము.

మా కారునకు ఈ యవస్థ కలిగినప్పుడు దారిప్రక్క దుకాణమువారు పావుగంటలో క్రొత్త బ్యాటరీ నమర్చి పంపిరి. కారు చక్కగా కదలినది. కాని కొన్ని వారములకే ‘బ్యాటరీ శక్తి తక్కువగా నున్నది’ అను హెచ్చరిక ముందు పలకపై కనిపింపసాగినది. కూడలిలో తనంతట తానాగి, మరల తానే బయలుదేరవలసిన ఇంజను అట్లాగుట మానివేసినది. చెడిపోయిన సరకు నంటగట్టినారని మేము దుకాణదారుతో తగవులాడితిమి. ఆయన ఓపికతో పరీక్షింపగా బ్యాటరీ నిక్షేపముగా నున్నది. లోపము తరువాత తెలిసినది. పాతదిపోయి క్రొత్తది వచ్చినదన్న సంగతిని కారునకు ఎవ్వరును తెలియజేయలేదు!

ఈ మాట విన్నవారు నవ్వవచ్చును. ఇనుప యంత్రమునకు వార్త చెప్పుట యేమి? ఈ సంశయము తీరవలెనన్న బ్యాటరీ స్వభావమును కొంచెము తెలిసికొనవలెను.

సీసపు బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో నిర్మించెను. 1912లో కాడిలాక్ కారునకు చార్లెస్ కెటరింగ్ విద్యుత్తుతో ఇంజనును త్రిప్పు సాధనమును సమకూర్చిన పిమ్మట, చేతితో ఇనుప కడ్డీ త్రిప్పు బాధ క్రమముగా తొలగినది. నేటికిని కారు బ్యాటరీ మూలసూత్రము ప్లాంటే నాటిదే. లోపల 6 గదులుండును. ఒక్కొక్కదాని బలము 2 వోల్టులకు కొంచె మెక్కువ. ప్రతి గదిలోను సీసపు పలకలును, సీసపు ఆక్సైడు పూసిన పలకలును, నీరు కలిపిన గంధకికామ్లమును ఉండును. విద్యుత్తును వాడుకొనుకొలది రెండు విధములైన పలకలపైనను సీసపు సల్ఫేటు ఏర్పడును. మరల విద్యుత్తు నెక్కించిన నది కరగి, పలకలు పూర్వస్థితికి వచ్చును. నిండు బ్యాటరీ విశ్రాంతిగా నున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును. 12 వోల్టులకు దిగినదన్నచో చాలవరకు రిక్తమైనట్లే.

బ్యాటరీకి రెండు విధములైన శత్రువులు కలవు: ఆకలియు, అజీర్ణమును. చాలినంత విద్యుత్తు నెక్కింపక వదలినచో సల్ఫేటు గట్టిపడి పలకల నంటుకొనిపోవును. అవసరమునకు మించి యెక్కించినచో నీరు విడిపోయి ఉదజని, ఆమ్లజని వాయువులు పుట్టును, పలకలు తినివేయబడును. పైన మూత తీసి నీరు పోయు వెనుకటి బ్యాటరీలలో ఈ నష్టమును కొంత పూడ్చవచ్చును. మూసివేసిన బ్యాటరీలలో ఆ యవకాశము లేదు. దీనికి తోడు వేడి యొకటి. వేసవిలో కొత్తగూడెము, రెంటచింతల వంటి చోట్ల ఎండలో నిలిపిన కారు బ్యాటరీకి చల్లని ప్రదేశములలోవలె దీర్ఘాయువుండదు.

పూర్వపు కార్లలో ఇంజనుతో తిరుగు ఆల్టర్నేటరు రమారమి 14 వోల్టుల నియమిత బలముతో బ్యాటరీని నింపుచుండెడిది. బ్యాటరీ వయస్సుతోగాని, పరిమాణముతోగాని దానికి పనిలేదు. ఇంధనమును పొదుపు చేయవలెనను పట్టుదలతో నిర్మించిన నేటి కార్లలో అట్లు కాదు. బ్రేకు వేసినప్పుడు వృథాయగు శక్తితో బ్యాటరీని ఎక్కువగా నింపుట, వేగమందుకొనునప్పుడు ఆల్టర్నేటరు భారమును తగ్గించుట మున్నగు పనులను ఒక చిన్న కంప్యూటరు నిర్వహించుచున్నది. ఇందులకై బ్యాటరీ ఋణ ధ్రువమువద్ద ఒక గ్రాహకము నమర్చుదురు. అది వచ్చిపోవు విద్యుత్తును, వోల్టులను, ఉష్ణోగ్రతను ఎడతెగక కొలిచి లెక్క వ్రాయును. నమ్మకమైన గుమాస్తా యన దగును.

అయితే గుమాస్తా ఎంత నమ్మకస్థుడైనను, గాదె పరిమాణము తప్పుగా చెప్పినచో లెక్క తప్పకమానదు. కారు జ్ఞాపకములో 90 ఆంపియరు-గంటల బ్యాటరీ యని వ్రాసియున్నది; మనము 60 ఆంపియరు-గంటలది పెట్టితిమి. 18 ఆంపియరు-గంటలు ఖర్చైనప్పుడు ఐదవవంతు పోయినదని కంప్యూటరు తలచును. వాస్తవమునకు మూడు పదవవంతులు పోయినవి. అదేవిధముగా, మూడు నాలుగేండ్లు వాడిన బ్యాటరీ బలహీనమైనదని గుర్తించిన యంత్రము దానికి తగినట్లు విద్యుత్తు నెక్కించుచు, ఇంజను నాపి పొదుపు చేయు ఏర్పాటును నిలిపివేయును. క్రొత్తది వచ్చినను ముసలిదానికి చేయు ఉపచారమునే దీనికిని చేయును. మా కారు సంగతి ఇట్టిదే.

ఇందు రెండు పనులను వేరువేరుగా గ్రహింపవలెను. అదే జాతి, అదే పరిమాణము గల బ్యాటరీని పెట్టినప్పుడు ‘నేటినుండి క్రొత్తది’ యని నమోదు చేసిన చాలును. పాత లెక్కలు చెరిగి క్రొత్త ఖాతా మొదలగును. జాతిగాని పరిమాణముగాని మారినప్పుడు ఆ వివరములను కారు జ్ఞాపకములో దిద్దవలెను. దీనినే కోడింగు అందురు. బి.ఎమ్.డబ్ల్యు. కార్లు పెక్కింటికి ఈ నమోదు అవసరము. ఆడీ, ఫోక్స్‌వ్యాగన్ కార్లు కొన్నింటిలో బ్యాటరీ సంఖ్యను, తయారీదారు గుర్తును, వరుస సంఖ్యను కూడ వ్రాయవలసియుండును. స్టీరింగు చక్రము క్రిందనుండు 16 సూదుల సాకెట్టునకు పరీక్షాయంత్రమును తగిలించి ఈ పని కొద్ది నిమిషములలో చేయవచ్చును.

ఇది లేనిచో కారు కదలదని భయపెట్టువారు కలరు. ఇది కేవలము డబ్బు గుంజు ఉపాయమని కొట్టిపారవేయువారును కలరు. రెండును అతిశయోక్తులే. కారు కదలును, కాని బ్యాటరీ ఆయువు తరుగును. కొన్ని కార్లు కొన్ని దినములలో తమంతట తామే సర్దుకొనును. గ్రాహకము లేని సామాన్యపు కార్లకు ఈ తంటా యేలేదు. కావున మొదట కారుతో వచ్చిన పుస్తకమును చూడవలెను. ఋణ ధ్రువమువద్ద గ్రాహకమున్నదా యని పరిశీలింపవలెను. దుకాణదారుని ముందే ‘నమోదుచేయు యంత్రము మీవద్ద కలదా?’ యని అడుగవలెను. ఇంజనును ఆపి నడుపు ఏర్పాటు గల కార్లలో, గాజు నూలు పొరలు ఆమ్లమును పీల్చియుంచు ఏ.జి.ఎమ్. బ్యాటరీ మొదటినుండి యున్నచో, చవుకయని మామూలు దానిని పెట్టరాదు.

బ్యాటరీని మార్చునప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. కారు నాపి, తాళపుచెవిని దూరముగా నుంచి, లోపలి యంత్రములు నిద్రించువరకు కొంతసేపు ఆగవలెను. బ్యాటరీ వెనుక సామాను పెట్టెలో నున్నచో దాని తలుపును తెరచియే యుంచవలెను. విద్యుత్తు పోయిన పిమ్మట అది తెరచుకొనకపోవచ్చును. మొదట ఋణ ధ్రువపు తీగను, పిదప ధన ధ్రువపు తీగను విప్పవలెను. ధన ధ్రువము ముందు విప్పుచుండగా పానా కారు దేహమునకు తగిలినచో పెద్ద నిప్పురవ్వ లేచును. బిగించునప్పుడు ఋణ ధ్రువము చివరిది. వాయువులు వెలికిపోవు సన్నని గొట్టమున్నచో దానిని మరల తగిలించుట మరువరాదు. ఉదజని మండు వాయువు. సమీపమున పొగత్రాగరాదు. ఇకముందు విడిగా విద్యుత్తు నెక్కింపవలసినచో ఋణ తీగను కారు దేహముపై చూపిన స్థానమునకే తగిలింపవలెను. ధ్రువమునకే తగిలించినచో గుమాస్తా చూడకుండ దొడ్డిదారిన ధాన్యము పోసినట్లగును.

విద్యుత్తు తెగినందున గడియారము తప్పవచ్చును. అద్దములు పూర్తిగా మూసికొనకపోవచ్చును. కొన్ని కార్లలో రేడియోకూడ రహస్యసంఖ్య చెప్పినగాని పలుకదు. ఆ సంఖ్యను ముందే వెదకి యుంచుట మేలు.

పాత బ్యాటరీని మూలను పడవేయరాదు. అందలి సీసము పిల్లల మెదడునకు హానికరము; ఆమ్లము చర్మమును కాల్చును. 2022లో భారత ప్రభుత్వము చేసిన బ్యాటరీ వ్యర్థముల నియమములను బట్టి దానిని అర్హులైనవారికే అప్పగింపవలెను. క్రొత్తది కొన్నచోటనే ఇచ్చినచో కొంత సొమ్ము తగ్గింతురు. సీసమును కరగించి మరల వాడుదురు.

మా బ్యాటరీని మరియొకచోట నమోదు చేయించితిమి. హెచ్చరిక మాయమైనది, ఇంజను కూడళ్లలో మునుపటివలె ఆగుచున్నది. మరునాడే ఆ దుకాణదారు కడకు పోయి, తొందరపడి మాటలన్నందులకు మన్నింపుమని కోరితిమి. ఆయన నవ్వి, “చెప్పవలసినది కారుకే కాదు, మాకు కూడ ఎవరో ఒకరు చెప్పవలెను గదా!” అనెను. ఇప్పుడాయన బల్లపై ఆ పరీక్షాయంత్ర మొకటి యున్నది.