ప్రైమర్ మారితే మందు లెక్క ఎందుకు మారుతుంది?

2020లో కొవిడ్ మొదలయ్యాక అమెరికా దుకాణాల్లో చాలాకాలం తూటాలోని మందును అంటించే ప్రైమర్లు దొరకడమే గగనమైపోయింది. అక్కడ వేటకు చట్టం ఒప్పుతుంది. కాల్చేసిన తూటా ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా, దానికి కొత్త ప్రైమర్ బిగించి, మందు పోసి, గుండు కూర్చి మళ్లీ వాడుకునే అలవాటు అక్కడి వేటగాళ్లలో చాలామందికి ఉంది. మోతాదుల పుస్తకంలో రాసిన ప్రైమర్ లేనప్పుడు దొరికినదేదో పెట్టుకోకూడదా అన్న ప్రశ్న ఆ రోజుల్లో గట్టిగా వినిపించింది. దాని వెంటే ఇంకోటి: మందు తూకం సరిగ్గా ఉంటే చాలదా, ఏ మందైతేనేం?

చాలదు. ఎందుకో తెలియాలంటే గొట్టం లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ప్రైమర్ అంటే గోడకు రంగు వేసే ముందు పూసేది కాదు. తూటా అడుగున చిన్న గుంటలో కూర్చునే బుల్లి లోహపు గిన్నె. అందులో చిటికెడు సీసపు స్టిఫ్నేట్ మిశ్రమం ఉంటుంది. తుపాకీ సూది వచ్చి గుద్దగానే అది నలిగి భగ్గుమంటుంది. ఆ మంట సన్నని రంధ్రంలోంచి మందులోకి దూకుతుంది. మందు మన టపాకాయల్లోని నల్లటి పేలుడుపొడి కాదు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే తయారుచేసిన పొగరాని మందు వంశానిది, నైట్రోసెల్యులోజ్‌తో చేసినది. ఇది ఒక్కసారిగా పేలిపోదు. ప్రతి పలుకూ పైనుంచి లోపలికి కాలుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా వేగంగా కాలుతుంది. వేటలో విరివిగా వాడే .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ తూటాకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు. కారు టైరులో ఉండేది 30, 35. ఇదంతా సెకనులో వెయ్యో వంతుకు కాస్త అటూఇటూగా జరిగిపోతుంది. ఈ ఒత్తిడిని ఆపుతున్నది చెక్కిలికి దగ్గర్లో ఉన్న ఉక్కు గదే.

కట్టెల పొయ్యి వెలిగించినవాళ్లకు మిగతాది చెప్పకుండానే తెలుస్తుంది. చింతమొద్దు నిదానంగా గంటలకొద్దీ కాలుతుంది. అదే మొద్దును చితుకులుగా చీలిస్తే బుస్సుమని మండి ఆరిపోతుంది. కట్టె అదే, బరువూ అదే. గాలికి తగిలే పైభాగం పెరిగిందంతే. మందు తయారీదారులు చేసేదీ ఇదే. పలుకు సైజు మారుస్తారు, ఆకారం మారుస్తారు. పుల్లల్లాంటి మందుకు నడిమధ్య సన్నని రంధ్రం పెడతారు. పుల్ల బయటినుంచి కాలి సన్నబడుతుంటే లోపలి రంధ్రం కాలి వెడల్పవుతుంది. దాంతో మండే పైభాగం పెద్దగా తగ్గకుండా నిలబడుతుంది. ఆ పైన మంటను మొదట్లో అదుపుచేసే పూత ఒకటి వేస్తారు. 1933లో వెస్టర్న్ కార్ట్‌రిడ్జ్ కంపెనీలో ఫ్రెడ్ ఓల్సెన్ కనిపెట్టిన గుళికల మందు ఆవాల్లా జారుతుంది కాబట్టి కొలవడం సుళువు. కానీ దాని పూత వల్ల అంటుకోవడానికి కాస్త మొరాయిస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ప్రైమర్ దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

మందు ఎంపికకు సూత్రం ఒకటే: గొట్టం ఎంత పెద్దది, గుండు వెళ్లే దారి ఎంత ఇరుకు, గుండు ఎంత బరువు. .45-70 తూటాకు దారి విశాలం. గుండు ముందుకు కదిలిందంటే వెనక చోటు చకచకా పెరుగుతుంది కాబట్టి వేగంగా కాలే మందే నప్పుతుంది. .270 వించెస్టర్ తూటాకు పెద్ద గొట్టం, ఇరుకు దారి. అక్కడ చింతమొద్దులా నిదానంగా కాలేదే కావాలి. అందులో చితుకుల్లాంటి మందు పోస్తే గుండు పెద్దగా కదలకముందే ఒత్తిడి హద్దు దాటిపోతుంది.

పేరు చూసి నమ్మకూడదనడానికి నాకు తెలిసి 4831 అన్న మందు కంటే మంచి ఉదాహరణ లేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కాన్సాస్‌కు చెందిన బ్రూస్ హాడ్జ్‌డన్ సైన్యం దగ్గర మిగిలిన మందు కొని వేటగాళ్లకు అమ్మాడు. 20 మిల్లీమీటర్ల ఫిరంగి తూటాల్లోంచి తీసిన మందు అందులో ఒకటి. అదే హెచ్4831 అయింది. తర్వాత డ్యూపాంట్ ఐఎంఆర్ 4831 తెచ్చింది. అంకె ఒకటే, కానీ రెండోది వేగంగా కాలుతుంది. హెచ్4831కు రాసిన గరిష్ఠ మోతాదును ఐఎంఆర్ డబ్బాలోంచి పోస్తే అది ప్రమాదం కొనితెచ్చుకోవడమే.

ఇక ప్రైమర్. రైఫిల్ ప్రైమర్లు చిన్నవి, పెద్దవి అని రెండు సైజులు. .223కి చిన్నది, .30-06కి పెద్దది. రెండు సైజుల్లోనూ మామూలువి, మాగ్నమ్‌వి ఉంటాయి. మాగ్నమ్ మంట వేడిగా ఉంటుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. ఎండిన చితుకులకు అగ్గిపుల్ల చాలు, మొద్దుకు కిరసనాయిలు గుడ్డ కావాలి. అలాగే పెద్ద గొట్టంలో నిండుగా పోసిన నిదానపు మందుకూ, ఆ పూత పూసిన గుళికలకూ, మాంటానాలో నవంబరు చలికీ మాగ్నమ్ పనికొస్తుంది. అక్కర్లేని చోట పెడితే మేలేమీ లేకపోగా ఒత్తిడి పెరగవచ్చు. ఒకే తరహా ప్రైమర్ అయినా కంపెనీ మారితే మంట మారుతుంది. పెద్ద పిస్తోలు ప్రైమర్ చుట్టుకొలతలో పెద్ద రైఫిల్ ప్రైమర్‌తో సమానం కాబట్టి ఆ గుంటలో కూర్చుంటుంది. కానీ దాని ఎత్తు తక్కువ, గిన్నె పలచన. రైఫిల్ ఒత్తిడికి చిల్లుపడి వేడి గ్యాసు వెనక్కి తన్నవచ్చు. పట్టింది కదా అని పెట్టకూడదు.

మరి ఎలా? మందు కంపెనీ ప్రచురించిన పట్టికలో మీ గుండు బరువు, మీ మందు, వాళ్లు వాడిన ప్రైమర్ చూసుకుని, కనిష్ఠమని రాసిన చోట మొదలుపెట్టాలి. కనిష్ఠం రాయకపోతే గరిష్ఠానికి 10 శాతం తక్కువ నుంచి. కొంచెం కొంచెం పెంచుతూ, ప్రతి మెట్టులోనూ వేగం కొలుస్తూ పోవాలి. బోల్టు బిగుసుకున్నా, ప్రైమర్ చదునైపోయినా అక్కడితో ఆగాలి. అయితే ఈ గుర్తులు ఆలస్యంగా కనిపిస్తాయి. అవి కనబడలేదంటే క్షేమమని అర్థం కాదు. ప్రైమర్ గానీ మందు గానీ గుండు గానీ, ఏ ఒక్కటి మారినా మళ్లీ మొదటి మెట్టుకే రావాలి. చలికాలంలో హద్దుదాకా తెచ్చిన తూటా జూలై ఎండలో కారులో వేడెక్కితే హద్దు దాటవచ్చు.

తక్కువ పోస్తే క్షేమమే కదా అనిపిస్తుంది. కాదు. నిదానపు మందు పెద్ద గొట్టంలో అడుగున పరుచుకుని ఉంటే మంట సరిగా అందక, ఒక్కోసారి ఒత్తిడి విపరీతంగా ఎగసి తుపాకులు పగిలాయి. పట్టికలో కనిష్ఠం రాశారంటే అది కూడా హద్దే.

మన దేశంలో ఈ పని ఇంట్లో చేసేది కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటా తయారీకి లైసెన్సు ఉండాలి. వేటను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. అమెరికాలో ఉండి ఈ పని నేర్చుకుంటున్నవాళ్లకు ఒక్క విన్నపం: బల్ల మీద ఎప్పుడూ ఒక్క మందు డబ్బానే ఉంచండి. పని అవగానే మిగిలింది దాని డబ్బాలోకే పోసెయ్యండి. చీటీ చిరిగిన డబ్బాలో మందు ఉంటే రంగు చూసి, పలుకు చూసి ఏదో ఊహించి వాడకండి.