కోచ్‌కి బాస్ ఎవరు?

'బాస్కెట్‌బాల్‌లో మూడు పాయింట్ల బాస్కెట్ వేస్తే ఎన్ని పాయింట్లు వస్తాయి?'

'కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో ఎన్ని అర్ధభాగాలుంటాయి?'

పొడుపు కథలు కావివి. ఒకటో తరగతి పిల్లల ప్రశ్నపత్రం అసలే కాదు. 1785లో పుట్టిన ఓ అమెరికా విశ్వవిద్యాలయంలో డిగ్రీ విద్యార్థులకు 2001లో పెట్టిన ఫైనల్ పరీక్ష. ఇరవై ప్రశ్నలు, అన్నీ ఇలాంటివే. పాఠం చెప్పింది టీమ్ అసిస్టెంట్ కోచ్. ఆయన తండ్రే ఆ టీమ్‌కి హెడ్ కోచ్. క్లాసులో ఉన్నవాళ్లందరికీ 'ఏ' గ్రేడు!

సంగతి బయటపడ్డాక దేశమంతా నవ్వింది. జార్జియా విశ్వవిద్యాలయం మాత్రం తలదించుకుంది. ఎందుకంటే అక్కడ ఇది మొదటిసారి కాదు. ఇరవై ఏళ్ల క్రితం కూడా ఆటగాళ్ల మార్కుల గొడవే ఆ క్యాంపస్‌ని కోర్టుకీడ్చింది. రెండుసార్లూ క్రీడా విభాగానికి పెద్ద ఒక్కరే... విన్స్ డూలీ. ఒకప్పటి ఫుట్‌బాల్ కోచ్, తర్వాత క్రీడలన్నిటికీ అధిపతి, చివరికి ఆ రాష్ట్రానికే ఓ పెద్దదిక్కు. ఆటలో గెలిచినవాడి చేతికే ఆటమీద అజమాయిషీ కూడా ఇస్తే ఏమవుతుంది? ఆయన కథ చదివితే మంచీ చెడూ రెండూ తెలుస్తాయి.

శనివారం వస్తే జాతరే

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఆట కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. కాలితో కన్నా చేత్తోనే పని ఎక్కువ. అట్లాంటాకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న అథెన్స్ పట్టణంలో, యూనివర్సిటీ క్యాంపస్ నడిబొడ్డున ఉన్న శాన్‌ఫర్డ్ స్టేడియంలో తొంభైవేల మందికి పైగా కూర్చోవచ్చు. చలికాలం ముందు శనివారాల్లో అది కిటకిటలాడిపోతుంది. అట్లాంటా శివార్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ సందడి కొత్తేం కాదు. వాళ్ల పిల్లలు ఎందరో అక్కడే చదివారు, చదువుతున్నారు.

ఇంత సందడి వెనక పెద్ద యంత్రాంగం ఉంటుంది. జట్టుని నడిపేది హెడ్ కోచ్. ఆయనపైన అథ్లెటిక్ డైరెక్టర్, ముద్దుగా 'ఏడీ'. కోచ్‌లను నియమించడం, తీసెయ్యడం, టికెట్లు, టీవీ ఒప్పందాలు, స్టేడియాలు, ఆటగాళ్లు నిబంధనలు పాటిస్తున్నారా లేదా చూడటం... అన్నీ ఆయన పనే. ఏడీపైన యూనివర్సిటీ ప్రెసిడెంట్, అంటే మన వైస్ ఛాన్స్‌లర్ లాంటివారు. ఆపైన 'బోర్డ్ ఆఫ్ రీజెంట్స్' అనే పాలకమండలి. కాగితమ్మీద నిచ్చెన చక్కగానే ఉంటుంది. కానీ కింది మెట్టుమీద ఉన్నవాడు పైమెట్టువాళ్లందరికన్నా జనంలో పేరున్నవాడైతే?

ఒకే మనిషి... రెండు కుర్చీలు

డూలీ 1932లో అలబామాలోని మొబీల్‌లో పుట్టారు. ఆబర్న్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడారు. చరిత్రలో ఎమ్మే చేశారు. జార్జియా ఆయన్ని కోచ్‌గా పిలిచేనాటికి వయసు 31. హెడ్ కోచ్‌గా అనుభవం సున్నా. 'ఈ కుర్రాడేం చేస్తాడు?' అని పెదవి విరిచినవాళ్లే తర్వాత జేజేలు కొట్టారు. 1964 నుంచి 1988 దాకా పాతిక సీజన్లు... 201 విజయాలు, 77 ఓటములు, 10 డ్రాలు. ఆరు సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ టైటిళ్లు. 1980లో హెర్షెల్ వాకర్ అనే కొత్త కుర్రాడి అండతో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జాతీయ ఛాంపియన్‌షిప్ సాధించారు.

అప్పటికి ఏడాది ముందే, 1979లో ఆయనకు ఏడీ పదవి కూడా దక్కింది. ఆనాడు అది వింతేం కాదు. అలబామాలో బేర్ బ్రయంట్, ఆర్కాన్సాలో ఫ్రాంక్ బ్రాయిల్స్ కూడా రెండు కుర్చీల్లో కూర్చున్నవాళ్లే. అయితే చిక్కల్లా ఒక్కటే. కోచ్ తప్పు చేస్తే ఏడీ అడగాలి. కోచే ఏడీ అయితే ఎవరు అడగాలి?

ఓ ఇంగ్లిషు టీచరమ్మ

అడిగింది ఓ టీచరు. పేరు జాన్ కెంప్. చదువులో వెనకబడి చేరిన విద్యార్థులకు ఇంగ్లిషు నేర్పే 'డెవలప్‌మెంటల్ స్టడీస్' విభాగంలో ఆమె సమన్వయకర్త. నిర్ణీత గడువులోగా ఆ కోర్సు గట్టెక్కకపోతే ఎవరైనా సరే ఇంటిదారి పట్టాల్సిందే. 1981 చివర్లో తొమ్మిదిమంది ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఇంగ్లిషులో తప్పారు. అయినా అధికారులు వాళ్లని పైక్లాసుకి పంపేశారు. కొత్త సంవత్సరం రోజున పిట్స్‌బర్గ్‌తో షుగర్ బౌల్ మ్యాచ్ ఉంది మరి! (ఇంతా చేసి ఆ మ్యాచ్ జార్జియా 24-20 తేడాతో ఓడిపోయింది.)

కెంప్ ఊరుకోలేదు. 'ఆటగాళ్లకో న్యాయం, మిగతా పిల్లలకో న్యాయమా?' అని నిలదీశారు. ఫలితం... 1982లో సమన్వయకర్త బాధ్యత పోయింది. 1983లో ఉద్యోగమే పోయింది. మానసికంగా కుంగిపోయినా పోరు ఆపలేదు. ఇద్దరు ఉన్నతాధికారులపై ఫెడరల్ కోర్టుకెక్కారు.

విచారణలో యూనివర్సిటీ తరఫు న్యాయవాది చేసిన వాదన ఇప్పటికీ జనం చెప్పుకుంటారు. ఈ ఆటగాళ్లని యూనివర్సిటీ విద్యార్థులుగా తీర్చిదిద్దలేకపోయినా చదవడం, రాయడం నేర్పితే చాలు, ఆట అయిపోయాక చెత్త ఎత్తే పని బదులు పోస్టాఫీసులో పని దొరకొచ్చు అన్నది దాని సారాంశం. ఆటగాళ్లమీద ఆ చదువుల గుడికి ఉన్న నమ్మకం అంత! వాళ్ల ఆటతో స్టేడియం నిండుతోంది, వాళ్ల చదువు మాత్రం ఎవరికీ పట్టదు.

1986 ఫిబ్రవరిలో జ్యూరీ కెంప్ పక్షాన నిలిచింది. పాతిక లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలంది. తర్వాత అది 10.8 లక్షల డాలర్లకు ఖరారైంది. ఉద్యోగమూ తిరిగొచ్చింది. యూనివర్సిటీ ప్రెసిడెంట్ ఫ్రెడ్ డేవిసన్ పునర్నియామకాన్ని పాలకమండలి వాయిదా వేయడంతో ఆయన రాజీనామా చేశారు.

మరి డూలీ? ఆయన ఆ కేసులో ప్రతివాది కాదు, కోర్టుకొచ్చి సాక్ష్యమిచ్చారంతే. తొమ్మిదిమందిని పైక్లాసుకి పంపిన సంతకాలు అధికారులవి. ప్రెసిడెంట్ పోయారు, కోచ్ కమ్ ఏడీ ఉన్నారు. నిచ్చెనలో అసలు బరువు ఏ మెట్టుమీద ఉందో జార్జియా ప్రజలకు ఆనాడే అర్థమైంది.

ఆ ఏడాదే కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ 'ప్రపోజిషన్ 48'ని అమల్లోకి తెచ్చింది. మొదటి ఏడాదే ఆడాలంటే హైస్కూల్లో పదకొండు ముఖ్య సబ్జెక్టుల్లో సగటున 'సి' గ్రేడూ, శాట్‌లో 1600కి కనీసం 700 మార్కులూ ఉండాలన్నది నిబంధన.

మైదానం దిగాక...

1988 సీజన్‌తో డూలీ కోచ్ కుర్చీ వదిలేశారు. మరో పదిహేనేళ్లకు పైగా ఏడీగానే కొనసాగారు. ఈ రెండో ఇన్నింగ్స్‌లో ఆయన మంచి పాలకుడనిపించుకున్నారు. ఫుట్‌బాల్ డబ్బుతో మిగతా ఆటల్ని బతికించారు. జిమ్నాస్టిక్స్‌లో, ఈతలో జార్జియా అమ్మాయిలు జాతీయ టైటిళ్లు కొట్టారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో సాకర్ ఫైనళ్లు శాన్‌ఫర్డ్ స్టేడియంలోనే జరిగాయి. సాకర్ మైదానం కోసం స్టేడియం చుట్టూ ఉన్న ప్రసిద్ధమైన పొదలకంచెను పీకాల్సి వచ్చింది. ముందుగానే దాని కొమ్మలతో మొక్కలు పెంచి, ఆటలయ్యాక మళ్లీ నాటించారు. డూలీకి తోటపనంటే ప్రాణం. ఆయన పేరుతో ఓ హైడ్రాంజియా పూలరకమే ఉంది.

కష్టమైన నిర్ణయాలూ తప్పలేదు. ఆయన తర్వాత కోచ్ అయిన రే గాఫ్ ఒకప్పుడు ఆయన దగ్గర ఆడిన క్వార్టర్‌బ్యాకే. ఏడు సీజన్లు చూసి, 1995లో సొంత శిష్యుణ్నే పక్కనపెట్టారు. కోచ్‌గా గెలిచినవాడికి ఆటగాళ్ల మీద అభిమానం సహజం. ఏడీ కుర్చీలో ఆ అభిమానాన్ని జేబులో పెట్టుకోవాలి.

ప్రెసిడెంట్‌తో పేచీ

ఈలోగా దేశంలో గాలి మారింది. నైట్ కమిషన్ 1991లో ఇచ్చిన నివేదిక ఒకే మాట గట్టిగా చెప్పింది. కాలేజీ క్రీడల పగ్గాలు ప్రెసిడెంట్ల చేతుల్లో ఉండాలి, కోచ్‌ల చేతుల్లో కాదు. 1997లో జార్జియా ప్రెసిడెంట్‌గా వచ్చిన మైఖేల్ ఆడమ్స్ ఆ పగ్గాలు నిజంగానే పట్టుకున్నారు. 2000లో ఫుట్‌బాల్ కోచ్ జిమ్ డోనన్‌ని ఉంచుదామని డూలీ అంటే, వద్దని తీసేయించారు. ఆ స్థానంలో వచ్చిన మార్క్ రిక్ట్ రెండేళ్లకే కాన్ఫరెన్స్ టైటిల్ తెచ్చారు. ప్రెసిడెంట్ మాటే నెగ్గింది.

కానీ బాస్కెట్‌బాల్ దగ్గర బెడిసింది. 1999లో వచ్చిన కోచ్ జిమ్ హారిక్‌ని అంతకుముందే ఖర్చుల లెక్కల్లో అబద్ధమాడారంటూ యూసీఎల్ఏ తొలగించింది. ఆడమ్స్ పెపర్‌డైన్‌లో పనిచేసిన రోజుల్లో అక్కడి కోచ్ కూడా ఆయనే. ఆ పరిచయమే హారిక్‌ని జార్జియాకి తెచ్చిందన్న విమర్శ గట్టిగా వినిపించింది. 2003లో గుట్టు రట్టయింది. మొదట్లో చెప్పుకున్న ఇరవై ప్రశ్నల పరీక్ష హారిక్ కొడుకు పెట్టిందే. కొడుకు ఉద్యోగం పోయింది, తండ్రి రాజీనామా చేశారు. యూనివర్సిటీ తన జట్టుని తనే టోర్నమెంట్ల నుంచి తప్పించుకుంది. ఏ తప్పూ చేయని ఆటగాళ్ల సీజనూ అక్కడితో ఆగిపోయింది.

అదే ఏడాది, పదవి పొడిగించమని డూలీ అడిగితే ఆడమ్స్ కుదరదన్నారు. రాష్ట్రం రెండుగా చీలింది. విరాళాలు సేకరించే యూనివర్సిటీ ఫౌండేషన్ ఏకంగా ప్రెసిడెంట్ ఖర్చులమీదే ఆడిట్ చేయించింది. డోనన్‌కి సుమారు రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చేందుకు బయటికి చెప్పని ఒప్పందం ఉందని ఆ ఆడిట్ ఎత్తిచూపింది. ఆడమ్స్ ఆరోపణల్ని తిప్పికొట్టారు. పాలకమండలి ఆయనవైపే నిలబడి, ఫౌండేషన్‌తో తెగతెంపులు చేసుకోమని యూనివర్సిటీని ఆదేశించింది. 2004 జూన్ 30న డూలీ రిటైరయ్యారు. ఆడమ్స్ 2013 దాకా ఉన్నారు.

ఎవరిది ఒప్పు? ఏడీని ఎంచుకునే హక్కు ప్రెసిడెంట్‌దే, సందేహం లేదు. కానీ ప్రెసిడెంట్‌కి కూడా ఇష్టాయిష్టాలుంటాయి, పాత స్నేహాలుంటాయి. కోచ్‌ని అదుపులో పెట్టడానికి పైవాడొకడు చాలడు. ఆ పైవాణ్ని ప్రశ్నించేవాళ్లూ ఉండాలి. 1982లో ప్రశ్నించింది పాలకమండలి కాదు, ఆడిటర్లు కాదు. ఉద్యోగం పోతుందని తెలిసీ నోరు విప్పిన ఓ టీచరు.

ఇప్పుడు లెక్కే వేరు

డబ్బు కథలోనూ జార్జియాకి వాటా ఉంది. టీవీ హక్కులమీద ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యం చెల్లదని 1984లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసు వేసినవాళ్లలో జార్జియా అథ్లెటిక్ అసోసియేషన్ ఒకటి. ఆ తర్వాత టీవీ డబ్బు వరదలా వచ్చింది. నేడు ఆ అసోసియేషన్ ఏడాది ఆదాయం 20 కోట్ల డాలర్లు దాటింది. 2024లో కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రస్తుత కోచ్ కిర్బీ స్మార్ట్ జీతమే ఏడాదికి 1.3 కోట్ల డాలర్లు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అత్యధిక జీతం అందుకునే ప్రభుత్వోద్యోగి గవర్నర్ కాదు... కోచే!

ఆటగాళ్లకు మాత్రం దశాబ్దాలపాటు స్కాలర్‌షిప్పే దిక్కు. 2021లో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకి మొట్టికాయ వేశాక తలుపులు తెరుచుకున్నాయి. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీతో యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి గరిష్ఠంగా సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఏడీ ఇప్పుడు ఓ కంపెనీ సీఈవోతో సమానం. అజమాయిషీ అవసరం పెరిగిందే తప్ప తగ్గలేదు.

2019లో శాన్‌ఫర్డ్ స్టేడియం మైదానానికి డూలీ పేరు పెట్టారు. 2022 అక్టోబర్ 28న, తొంభయ్యో ఏట ఆయన కన్నుమూశారు. జాన్ కెంప్ 2008లోనే వెళ్లిపోయారు, 59 ఏళ్లకే. ఆమె పేరుతో స్టేడియం ఉండదు కదా! అయితే ఇవాళ ఏ ఆటగాడైనా మైదానంలోకి దిగేముందు 'వీడి మార్కుల సంగతేంటి?' అని ఎవరో ఒకరు ఫైలు తిరగేస్తున్నారంటే... అందులో ఆ టీచరమ్మ చలవా ఉంది.

----------------

కోచ్‌లే పెద్దలైన వేళ...

* బో షెంబెక్లర్ (మిషిగన్): ఏడీగా ఉండగా 1989లో, మరో యూనివర్సిటీకి వెళ్తానన్న బాస్కెట్‌బాల్ కోచ్‌ని జాతీయ టోర్నీకి ముందే ఇంటికి పంపేశారు. సహాయ కోచ్ స్టీవ్ ఫిషర్ పగ్గాలు పట్టారు. ఆ జట్టే కప్పు గెలిచింది!

* టామ్ ఆస్‌బర్న్ (నెబ్రాస్కా): పాతికేళ్లు కోచ్. తర్వాత మూడుసార్లు కాంగ్రెస్ సభ్యుడు. 2007లో ఏడీగా సొంతగూటికి తిరిగొచ్చారు.

* బారీ అల్వారెజ్ (విస్కాన్సిన్): 2021 దాకా ఏడీ. కోచ్‌లు మధ్యలో వెళ్లిపోతే రెండు బౌల్ మ్యాచ్‌లకు తానే మళ్లీ కోచ్‌గా దిగారు.

* ఫిలిప్ ఫుల్మర్ (టెనసీ): 2017లో ఏడీ అయ్యారు. ఆయన నియమించిన కోచ్‌ని ఆటగాళ్ల ఎంపికలో అక్రమాల పేరుతో 2021 జనవరిలో తొలగించారు. అదే సమయంలో ఫుల్మర్ కూడా రిటైర్మెంట్ ప్రకటించారు. 2023లో యూనివర్సిటీకి ఎన్‌సీఏఏ 80 లక్షల డాలర్ల జరిమానా వేసింది.