సడలించిన తంత్రులు

గిటారునకు ఆఱు తంత్రులు. షడ్జమునుండి మధ్యమమునకు గల యెడమున, ఒక్కచోట మాత్రము అంతరగాంధారపు టెడమున, వానిని శ్రుతిచేయుట సామాన్యపద్ధతి. వ్రేలు మోపక మీటినచో అవి యొక యాధారశ్రుతిగా పొసగవు.

1830 ప్రాంతమున మెక్సికో పశుపాలకులవలన ఈ వాద్యమును గ్రహించిన హవాయి ద్వీపవాసులు మొదటి, అయిదవ, ఆఱవ తంత్రులను రెండేసి మెట్లు సడలించిరి. (ఒడిలో నుంచి ఉక్కుకడ్డీతో వాయించు హవాయి గిటారు వేఱు.) అప్పుడు మందరతంత్రి మొదలు ప-స-ప-స-గ-ప యని మ్రోగును. బొటనవ్రేలు ఆధారశ్రుతి నడపుచుండ తక్కిన వ్రేళ్లు పాట పలికించును. తంబురయు వీణయు నొక్కరే వాయించినట్లు!

చిక్కొక్కటి. రెండవ తంత్రి పలుకునది అంతరగాంధారము. తోడి, ఖరహరప్రియలకు విరోధి. వానికై దానిని మఱియొక మెట్టు దింపవలయును.