మీకు తెలుసా? పైత్యం పొట్టలోనా, బుర్రలోనా!

ఘాట్ రోడ్డులో బస్సు మలుపులు తిరుగుతుంటే కడుపులో వికారం. 'పైత్యం చేసింది' అంటూ అల్లం మురబ్బా ముక్క నోట్లో వేసుకుంటాం. తలాతోకా లేని సినిమా చూసొచ్చి 'అంతా డైరెక్టర్ పైత్యం' అని విసుక్కుంటాం. ఈ రెండో రకానికి మురబ్బా పనిచేయదు! వైద్యుల మాటలు వీధిలోకొచ్చి ఎన్ని వేషాలు మార్చాయో చూడండి.

● పైత్యానికి మూలం పిత్తం. ఆయుర్వేదం చెప్పే వాత, పిత్త, కఫ దోషాల్లో ఒకటి. అది ప్రకోపిస్తే ఒంటితోపాటు మనసూ అదుపు తప్పుతుందని పాతకాలం నుంచీ నమ్మిక. మనం ఒంటి అర్థాన్నీ, మనసు అర్థాన్నీ రెండింటినీ ఉంచుకున్నాం. తమిళుల వాడుకలో మాత్రం 'పైత్తియం' అంటే నేరుగా పిచ్చే. చెన్నైలో 'నాకు పైత్యం చేసింది' అనే ముందు కాస్త ఆలోచించండి!

● గ్రీకు వైద్యులూ పిత్తాన్నే అనుమానించారు. నల్ల పిత్తం ఎక్కువైతే మనిషి దిగులులో పడతాడన్నారు. 'మెలాంకలీ' అలా పుట్టిందే: 'మెలాన్' అంటే నలుపు, 'ఖోలే' అంటే పిత్తం. ఇవాళ్టి వైద్యశాస్త్రం లెక్కలో పిత్తరసానికి దిగులుతోనూ, తిక్కతోనూ పనిలేదు. కాలేయంలో తయారై, మనం తిన్న కొవ్వు అరగడానికి సాయపడటమే దాని ఉద్యోగం.

● ఆ కొవ్వు సంగతి? 'వీడికి బాగా కొవ్వెక్కింది' అంటే పొగరెక్కిందని. బక్కపలచని మనిషిని కూడా ఆ మాట అనేస్తాం. విచిత్రంగా ల్యాబ్ రిపోర్టు కూడా ఒక్కోసారి అలాగే అంటుంది. సన్నగా ఉన్నవాళ్లకీ రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉండొచ్చు.

● 'దూల తీరింది' అంటే తగిన శాస్తి జరిగిందని. దూల అంటే దురద. దూలగొండి కాయల మీది నూగు తగిలిందంటే ఒళ్లంతా గోక్కోవాల్సిందే. తమాషా ఏమిటంటే, దురద పుట్టించే ఆ మొక్క గింజల్లోనే ఎల్-డోపా ఉంటుంది. పార్కిన్సన్స్ జబ్బుకు డాక్టర్లు వాడే ముఖ్యమైన మందు అదే.

● ఇంగ్లిష్‌లో తిట్టుగా వినిపించే 'మోరాన్' ఒకప్పుడు డాక్టర్లు కేసు షీట్లలో రాసుకున్న మాట. బుద్ధి ఎదుగుదల 8-12 ఏళ్ల పిల్లల స్థాయిలో ఆగిపోయిన పెద్దల కోసం 1910లో అమెరికన్ మనస్తత్వవేత్త హెన్రీ గొడార్డ్ దాన్ని తయారుచేశాడు. జనం దాన్ని తిట్టుగా వాడేసరికి వైద్యులు వదిలేసుకున్నారు.

● మన చట్టాలకూ ఈ తిప్పలు తప్పలేదు. 1912 నాటి చట్టం పేరు 'ఇండియన్ లూనసీ యాక్ట్'. లూనసీలో ఉన్నది చంద్రుడు. చంద్రకళలను బట్టి మతి తప్పుతుందన్న పాత నమ్మకం అందులో మిగిలిపోయింది. 1987లో దాని స్థానంలో 'మెంటల్ హెల్త్ యాక్ట్', 2017లో 'మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్' వచ్చాయి. చట్టం చంద్రుణ్ని వదిలి మనసును పట్టుకుంది. కానీ మన వీధుల్లో 'వాడో మెంటల్' అన్నదీ తిట్టే అయి కూర్చుంది.

● అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సిన మాట 'బీపీ'. 'నాకు బీపీ తెప్పించకు' అంటే కోపం తెప్పించొద్దని. దాంతో 'మా ఆయన శాంతమూర్తి, ఆయనకు బీపీ ఏమిటి?' అనే ధీమా మొదలవుతుంది. నిజానికి అధిక రక్తపోటు చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. రోజూ అరిచే మనిషికి 120/80 ఉండొచ్చు, నోరెత్తని మనిషికి 160/100 ఉండొచ్చు. పలుమార్లు చూసినా 140/90 లేదా ఆపైన ఉంటే డాక్టర్లు సాధారణంగా దాన్ని అధిక రక్తపోటుగానే లెక్కిస్తారు. ఎవరికి ఉందో చెప్పాల్సింది చేతికి కట్టే పట్టీయే. అరుపులను బట్టి లెక్కేయకండి!