దక్షిణ రాయలసీమ నైసర్గిక స్వరూపం – స్థలనామాల్లో ఎత్తుపల్లాల భావన

వ్యాససంగ్రహం

నేటి పటాలు ఒక ఊరి ఎత్తును సముద్రమట్టం నుంచి కొలిచి ఒక అంకెగా చూపుతాయి. ఆ ఊరికి, ఆ కొండకు పేరు పెట్టినవారు మాత్రం తాము నిలబడిన నేల నుంచే ఎత్తును చూశారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల భౌగోళిక స్వరూపాన్ని ఆధారంగా చేసుకుని, ఈ రెండు కొలతల మధ్య ఉన్న తేడాను ఈ వ్యాసం వివరిస్తుంది. స్థలనామ పరిశోధనలోనూ, నీటి పంపకంలోనూ, వరదల విషయంలోనూ ఆ తేడాకు గల ప్రాధాన్యాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్థలనామాలు, మిట్ట, మెట్ట, కోన, కనుమ, పడమటి మండలాలు, శేషాచలం, దక్షిణ రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో స్థలనామ పరిశోధనకు మంచి పునాది ఉంది. కడప జిల్లా ఊళ్ల పేర్లపై కేతు విశ్వనాథరెడ్డి చేసిన డాక్టరేట్ పరిశోధన ఆ దారిలో ప్రసిద్ధమైనది. ఇటువంటి అధ్యయనాల్లో ఊరిపేరును పూర్వపదం, ఉత్తరపదం అని విడదీసి, ఉత్తరపదాన్ని బట్టి జలసూచకం, శిలాసూచకం, ఉన్నతభూమి సూచకం అని వర్గీకరించడం ఆనవాయితీ. ఈ వర్గీకరణ ఉపయోగకరమైనదే. అయితే ‘ఉన్నతభూమి’ అన్నప్పుడు ఆ ఉన్నతిని దేనితో పోల్చి చెబుతున్నారన్న ప్రశ్న తరచుగా మరుగునపడుతుంది. నేల రెండు అంతస్తులుగా ఉన్న ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఈ ప్రశ్నను దాటవేయడం సాధ్యం కాదు.

2. రెండు అంతస్తుల నేల

రైల్వేస్టేషన్లలో పసుపురంగు బోర్డుపై ఊరిపేరు కింద సముద్రమట్టం నుంచి ఆ స్థలం ఎంత ఎత్తున ఉందో రాయడం వాడుక. శ్రీకాళహస్తి నుంచి పడమటికి ప్రయాణించే వ్యక్తి ఈ అంకెలను వరుసగా చూస్తే నేల స్వరూపం బోధపడుతుంది. శ్రీకాళహస్తి సముద్రమట్టానికి సుమారు 60 మీటర్ల ఎత్తున ఉంది. తిరుపతి సుమారు 160 మీటర్లు, చిత్తూరు సుమారు 330 మీటర్లు. ఇక్కడివరకు ఎక్కుడు నెమ్మదిగా సాగుతుంది. ఆపై కనుమలు దాటగానే పలమనేరు సుమారు 680 మీటర్లు, మదనపల్లె సుమారు 695 మీటర్ల ఎత్తున కనిపిస్తాయి.

పడమటి అంతస్తు మైసూరు పీఠభూమికి తూర్పు అంచు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఈ గ్రానైటు పీఠభూమిపై ఉన్నాయి. తూర్పు అంతస్తు సముద్రం వైపు వాలిన మైదానం. శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి, సత్యవేడు దీనికి చెందినవి. చిత్తూరు, పాకాల ప్రాంతాలు ఈ రెంటికీ నడుమ మెట్టు వంటివి. తూర్పు కనుమలలో భాగమైన శేషాచలం కొండలు, నగరి కొండలు తూర్పున మైదానం నుంచి నిటారుగా లేస్తాయి. వీటి పైభాగంలో కనిపించే గట్టి రాతిని భూగర్భశాస్త్రజ్ఞులు ‘నగరి క్వార్ట్జైట్’ అని పిలుస్తారు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఈ రాతిపొరలు వాటికంటే ఎంతో ప్రాచీనమైన గ్రానైటుపై నేరుగా కూర్చుని ఉంటాయి. ఆ రెండు పొరల మధ్య కోట్లాది సంవత్సరాల కాలవ్యవధి ఉంది. అందుకే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఆ ప్రదేశాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది.

ఎత్తు పెరిగే కొద్దీ ఉష్ణోగ్రత తగ్గుతుంది. ప్రతి 1000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుదల ఉంటుందన్నది సాధారణ సూత్రం. ఆ లెక్కన మదనపల్లె తిరుపతి కంటే మూడు డిగ్రీలకు పైగా చల్లగా ఉండాలి. మదనపల్లె ప్రాంతం టమోటా సాగుకు పేరుపొందడానికి ఈ మెత్తటి వేసవి ఒక కారణం. 20వ శతాబ్ది రెండో దశకంలో క్షయరోగుల చికిత్సాలయం మదనపల్లె దగ్గర వెలిసింది. ఆ స్థలానికి ‘ఆరోగ్యవరం’ అన్న పేరు ఏర్పడింది. ఎత్తు వలన కలిగిన ఫలితమే ఇక్కడ ఊరిపేరయింది.

3. కొండ ఎక్కడి నుంచి మొదలవుతుంది?

సముద్రమట్టం లెక్కలో పలమనేరు తిరుపతి కంటే 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. తిరుమలకు, పలమనేరుకు మధ్య తేడా 200 మీటర్ల లోపే. అయినా పలమనేరు పేరులో ‘మల’ లేదు, ‘గిరి’ లేదు, ‘కొండ’ లేదు. దానికంటే ఎంతో దిగువన ఉన్న చంద్రగిరికి ‘గిరి’ అన్న గౌరవం దక్కింది. చంద్రగిరి దుర్గం నిలిచిన రాతికొండ చుట్టుపక్కల నేల నుంచి సుమారు 180 మీటర్లు మాత్రమే లేస్తుంది. కానీ మైదానంలో నిలబడిన వ్యక్తికి అది కొండే. పలమనేరులో నివసించే వ్యక్తికి తన ఊరు సమతలం.

హార్స్లీ కొండలు దీనికి మరింత స్పష్టమైన ఉదాహరణ. స్థానికులు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచే ఈ కొండకు కడప జిల్లా కలెక్టర్ డబ్ల్యు. డి. హార్స్లీ పేరు వచ్చింది. ఆయన 1870 ప్రాంతంలో ఇక్కడ వేసవి విడిది కట్టుకున్నాడు. దీని ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1265 మీటర్లు. తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు. అంకెను బట్టి హార్స్లీ కొండలు తిరుమల కంటే 400 మీటర్లకు పైగా ఎక్కువ. పాదం నుంచి చూస్తే లెక్క తారుమారవుతుంది. మదనపల్లె నుంచి హార్స్లీ కొండల శిఖరం 570 మీటర్లు లేస్తే, తిరుపతి నుంచి తిరుమల 690 మీటర్లు లేస్తుంది. అలిపిరి దగ్గర నిలబడి తలెత్తి చూసే యాత్రికునికి తిరుమలే ఎత్తైన కొండ. ‘తిరుమల’ అన్న పేరులోని ‘మల’ అన్న పదం అనేక ద్రావిడ భాషల్లో కొండకు వాడే ప్రాచీన పదాలలో ఒకటి. అది ఇక్కడ స్థిరపడడానికి భక్తితోపాటు ఈ దృశ్యం కూడా కారణమని భావించవచ్చు.

మిట్ట, మెట్ట, మెట్టు అన్న మూడు మాటలు రూపంలోనూ అర్థంలోనూ దగ్గరి చుట్టాలు. చుట్టూ ఉన్న నేల కంటే కాస్త లేచిన చోటు మిట్ట. కాలువనీరు ఎక్కని ఎగువ భూమి మెట్ట. అడుగు వేసి ఎక్కడానికి మలచినది మెట్టు. చిత్తూరు పట్టణంలోని మిట్టూరు, కడప జిల్లాలోని ఒంటిమిట్ట మొదటి అర్థానికి ఉదాహరణలు. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి తిరుమలకు వెళ్లే ‘శ్రీవారి మెట్టు’ మూడో అర్థానికి ఉదాహరణ. ఈ మూడింటిలోనూ కొలమానం సముద్రం కాదు. మిట్టకు కొలమానం పక్కనున్న పల్లం, మెట్టకు కాలువ, మెట్టుకు మనిషి కాలు.

పల్లానికి సంబంధించిన మాటల్లో ‘కోన’ ప్రత్యేకమైనది. రెండు కొండచరియల మధ్య నీరు దిగే ఇరుకైన లోయ కోన. శేషాచలంలోని తలకోన, నగరి కొండల వైపున్న కైలాసకోన, మూలకోన, సదాశివకోన జలపాతాలకు ప్రసిద్ధమైనవి. సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి నీరు పడే తలకోన పేరులో ఎత్తు ప్రస్తావన లేదు. నీరు చేరే లోయ ప్రస్తావన ఉంది. పేరు పెట్టినవారికి అవసరమైన సమాచారం అదే.

4. కనుమ: రెండు అంతస్తుల మధ్య ద్వారం

పై అంతస్తుకు, కింది అంతస్తుకు మధ్య దారి ఉన్న చోటు కనుమ. బంగారుపాళెం, పలమనేరుల మధ్య మొగిలి కనుమ. తిరుపతి నుంచి పీలేరు, మదనపల్లెల వైపు వెళ్లేటప్పుడు భాకరాపేట కనుమ. పాకాల సమీపంలో దామలచెరువు కనుమ. చరిత్రలో వీటి పాత్ర చిన్నది కాదు. 1740లో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ మరాఠా సైన్యాన్ని అడ్డుకోబోయి దామలచెరువు కనుమ దగ్గరే ప్రాణం కోల్పోయాడు. కనుమను ఎవరు పట్టుకుంటే మైదానం వారి చేతికి చిక్కేది.

ఈ కారణంగానే 18వ శతాబ్ది పాలకులు ఈ దేశాన్ని ఎత్తును బట్టి విభజించారు. కనుమలకు ఎగువన ఉన్నది కర్ణాటక బాలాఘాట్; దిగువన ఉన్నది కర్ణాటక పాయీన్‌ఘాట్. పారశీకంలో ‘బాలా’ అంటే పైన, ‘పాయీన్’ అంటే కింద. శ్రీలంకలో ఇటువంటి విభజన నేటికీ వాడుకలో ఉంది. ఆ ద్వీపంలో నేల తీరం నుంచి నడుమకు లేస్తుంది. క్యాండీ చుట్టుపక్కల ఎగువ సీమను సింహళంలో ‘ఉడరట’ అనీ, తీరప్రాంతపు దిగువ సీమను ‘పహతరట’ అనీ అంటారు. ఆ మాటలు నేలతోపాటు అక్కడి మనుషులను, ఆచారాలను, నృత్యరీతులను కూడా గుర్తిస్తాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లా వాడుకలోని ‘పడమటి మండలాలు’, ‘తూర్పు మండలాలు’ అన్న మాటలు ఇదే పని చేస్తున్నాయి. అవి దిక్కులను సూచిస్తున్నట్లు కనిపిస్తాయి. నిజానికి ‘పడమటి’ అన్నప్పుడు పీఠభూమి, కన్నడ సీమ పొరుగు, మెట్ట పంట, లోతైన బోరుబావి వినేవారి మనసులో మెదులుతాయి.

పరిపాలనా సరిహద్దులు మాత్రం ఈ అంచును ఏనాడూ పూర్తిగా పాటించలేదు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లా తాలూకాలకు కడప జిల్లాలోని మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను చేర్చారు. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో పలమనేరు, కుప్పం చిత్తూరు జిల్లాలో ఉండగా, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. పీఠభూమి ఒకటే, జిల్లాలు వేరు. అందువల్ల జిల్లాను ప్రమాణంగా తీసుకుని స్థలనామాలను లెక్కించే పరిశోధనలో పై అంతస్తు, కింది అంతస్తు పేర్లు ఒకే పట్టికలో కలిసిపోయే ప్రమాదం ఉంది.

5. నీటి దారి

ఎత్తుపల్లాల ప్రభావం అతి తీవ్రంగా కనిపించేది నీటి విషయంలో. ఈ ప్రాంతపు ఏర్లు మూడు దిక్కులకు పోతాయి. స్వర్ణముఖి తూర్పుగా శ్రీకాళహస్తి మీదుగా నేరుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. బాహుదా, పింఛా ఉత్తరంగా సాగి చెయ్యేరై పెన్నకు చేరతాయి. కౌండిన్య, నీవా దక్షిణంగా పోయి పాలారులో కలుస్తాయి. పీఠభూమి మీద పడిన వాన మూడు వైపులా దిగిపోతుంది. పైన నిలిచేది చెరువుల్లో పట్టుకున్నంతే.

కృష్ణాజలాల తరలింపులో ఈ వాస్తవం అంకెలతో సహా ఎదురవుతుంది. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, అంటే సుమారు 270 మీటర్లు. తెలుగుగంగ కాలువ పోతిరెడ్డిపాడు నుంచి బయలుదేరి, వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా, తూర్పు మండలాల పక్కగా చెన్నపట్నం వైపు పారుతుంది. ఆ దారంతా పల్లమే కాబట్టి నీరు తనంతట తాను పోతుంది. అదే శ్రీశైలం నీరు 695 మీటర్ల ఎత్తున్న మదనపల్లెకు చేరాలంటే 400 మీటర్లకు పైగా ఎత్తిపోయాలి. హంద్రీ–నీవా పథకానికి వరుసగా పంపులు అవసరమైనది ఇందుకే. రెండు నదుల పేర్లను కలిపిన ఆ పథకం పేరులో కర్నూలు దగ్గర తుంగభద్రలో కలిసే హంద్రీ ఒక కొస, చిత్తూరు పక్కన పారే నీవా మరో కొస. నడుమనున్న మెట్టు మాత్రం పేరులో కనిపించదు. విద్యుత్ ఖర్చులో కనిపిస్తుంది.

6. పేరు చెరిగితే

2021 నవంబరులో కురిసిన భారీ వర్షాలకు శేషాచలం నుంచి దిగిన నీరు తిరుపతిలోని లోతట్టు కాలనీలను ముంచెత్తింది. తిరుమల కనుమదారులు దెబ్బతిన్నాయి. రాయలచెరువు కట్టకు ముప్పు ఏర్పడి దిగువ గ్రామాలను ఖాళీ చేయించవలసి వచ్చింది. ఎగువ నుంచి వచ్చిన వరదతో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, కడప జిల్లాలో ప్రాణనష్టం జరిగింది. 690 మీటర్ల ఎత్తు నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే పల్లానికి దిగే నీటి వేగం ఎటువంటిదో అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

ఊరిపేర్లలో, పొలాల పేర్లలో ఉండే కుంట, మడుగు, వంక, పల్లం, మిట్ట అన్న మాటలు నీరు ఎక్కడ నిలుస్తుందో, ఎటు పోతుందో, ఏ చోటు మునగదో తరతరాల అనుభవంతో చెప్పిన సమాచారం. పట్టణాలు విస్తరించినప్పుడు ఈ చిన్న పేర్లే ముందుగా పోతాయి; వాటి స్థానంలో నగర్, కాలనీ, లేఔట్ అన్నవి వస్తాయి. కనుమ అన్న మాటను ‘ఘాట్’ ఎలా పక్కకు నెట్టిందో, కుంట అన్న మాటను ‘నగర్’ అలాగే నెడుతోంది. మొదటి మార్పు వల్ల ఒక మంచి తెలుగు మాట మరుగైంది; రెండో మార్పు వల్ల ఒక హెచ్చరిక మరుగవుతోంది.

7. ముగింపు

సముద్రమట్టపు అంకె ఊళ్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి, కాలువ తవ్వడానికి, పంపు బిగించడానికి అవసరం. స్థలనామంలోని ఎత్తు ఆ నేలపై ఇల్లు కట్టడానికి, దారి పట్టడానికి, పంట వేయడానికి అవసరం. మొదటిది దూరపు కొలత, రెండోది దగ్గరి కొలత. దక్షిణ రాయలసీమ స్థలనామాలను పరిశీలించేవారు ప్రతి పేరుకూ ఈ రెండు కొలతలనూ పక్కపక్కన నమోదు చేయడం అవసరం: ఊరు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉంది, చుట్టూ ఉన్న నేల కంటే ఎంత ఎత్తున ఉంది. జిల్లాకు బదులు కనుమను సరిహద్దుగా తీసుకుంటే పదాల విస్తరణ మరింత స్పష్టమవుతుంది. రెవెన్యూ దస్తావేజుల్లోని పొలాల పేర్లను, వృద్ధుల నోట మిగిలిన వంకల పేర్లను ఇప్పుడే సేకరించడం మంచిది. కొండలు కదలవు, వాటి పేర్లు తెలిసినవారు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.