కారు తిరగకపోయినా బెల్టుకు వయసు వస్తుంది

చెరకు రసం తీసే బండిని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? అందరి చూపూ చెరకు గడను నలిపే రోలర్ల మీదే ఉంటుంది. ఈసారి వాటి పక్కనున్న పళ్ళ చక్రాలను చూడండి. ఒక రోలరు ఎంత తిరిగితే రెండవది అంతే తిరగాలి, అదీ ఎదురు దిశలో. పన్ను పన్నులో పడిన తర్వాత జారడమన్న మాటే ఉండదు. పాత రైసు మిల్లులో మోటారు నుంచి వచ్చే బల్లపరుపు బెల్టు సంగతి వేరు. అది కాస్త జారినా ముప్పు లేదు, పని కొంచెం నెమ్మదిస్తుందంతే.

కారు ఇంజనులో ఒక చోట ఈ రెండు గుణాలూ కలిసి కావాలి. బెల్టులాగా తేలికగా వంగాలి, పళ్ళ చక్రంలాగా జారకుండా ఉండాలి. అందుకని రబ్బరు బెల్టుకే పళ్ళు పెట్టారు. దీన్నే టైమింగ్ బెల్టు అంటారు.

దీని పని ఏమిటో చూద్దాం. సిలిండరులో పిస్టను పైకీ కిందికీ ఆడుతూ క్రాంక్ షాఫ్టును తిప్పుతుంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం లోపలికి రావడానికి ఒక కవాటం, కాలిన వాయువులు బయటికి పోవడానికి మరొక కవాటం తెరుచుకోవాలి. మెకానిక్కులు వీటినే వాల్వులంటారు. వీటిని తెరిచేది క్యామ్ షాఫ్టు. పిస్టను నాలుగుసార్లు కదిలితే ఒక చక్రం పూర్తవుతుంది. ఆలోపు క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు, క్యామ్ షాఫ్టు సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. అందుకే క్యామ్ షాఫ్టు చక్రానికి పళ్ళు రెట్టింపు ఉంటాయి. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందనుకోండి. క్యామ్ షాఫ్టు సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. అంటే ప్రతి కవాటమూ సెకనులో 25 సార్లు తెరుచుకుని మూసుకోవాలి! ఈ తాళం తప్పకుండా చూసేది ఆ బెల్టే.

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో ఈ పని ఇనుప గొలుసు చేసేది. పెద్ద ఎత్తున తయారయ్యే కార్లలో పళ్ళ బెల్టు వాడకం 1962లో జర్మనీలో గ్లాస్ 1004 అనే కారుతో మొదలయింది. గొలుసుకంటే బెల్టు తేలిక, చప్పుడు తక్కువ, నూనె అక్కరలేదు. 1983 డిసెంబరులో మన రోడ్ల మీదికి వచ్చిన మారుతి 800 కారులోనూ ఇదే బెల్టు. 2014లో దాని తయారీ ఆగిపోయింది. కాని ఆ కార్లు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో బట్ట కప్పుకుని కనిపిస్తాయి.

అటువంటి పాత కారు ఒకటి నిజామాబాద్‌లో ఉందనుకుందాం. ఇంటివారు దాన్ని వారానికి ఒకసారి మాత్రమే బయటికి తీస్తారు. బోధన్ వెళ్ళి వస్తే సుమారు 50 కిలోమీటర్లు. ఏడాదికి 52 వారాలు కనుక 2,600 కి.మీ., పన్నెండేళ్ళకు 31,200 కి.మీ. బెల్టును 60 వేల కిలోమీటర్లకు మార్చాలని కారుతో వచ్చిన పుస్తకంలో ఉందనుకోండి. "ఇంకా సగం బతుకు మిగిలే ఉంది, ఇప్పుడెందుకు మార్చడం?" అని ఇంటి పెద్దాయన అంటారు. లెక్క ప్రకారం ఆయన మాటలో తప్పు లేదు. ఆ లెక్కన 60 వేలు నిండడానికి 23 ఏళ్ళు పడుతుంది. అయితే రబ్బరు 23 ఏళ్ళు రబ్బరులాగే ఉంటుందా?

ఇక్కడ భౌతికశాస్త్రాన్ని వదిలి రసాయనశాస్త్రంలోకి రావాలి. రబ్బరు అణువులు పొడవైన దారాల వంటివి. 1839లో చార్లెస్ గుడ్ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడి చేశాడు. గంధకం ఆ దారాల మధ్య వంతెనలు కట్టింది, రబ్బరుకు బలం వచ్చింది. అయితే గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ ఊరుకోవు. అవి కొన్ని చోట్ల దారాలను తెంపుతాయి, మరికొన్ని చోట్ల అనవసరమైన కొత్త ముడులు వేస్తాయి. దానితో రబ్బరు గట్టిపడి పెళుసవుతుంది. వేడి ఈ పనిని ఇంకా తొందరపెడుతుంది. మన జిల్లాలో మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. దానికి ఇంజను వేడి కూడా తోడవుతుంది. నేటి బెల్టులను వేడికి తట్టుకునే కృత్రిమ రబ్బరుతో, లోపల గాజు పీచు దారాలతో చేస్తున్నారు. అవి ఎక్కువ కాలం మన్నుతాయి, అంతేగాని వాటికి ముసలితనం రాకపోదు. కారు షెడ్డులో నిలబడి ఉన్నంత మాత్రాన ఆక్సిజన్ సెలవు తీసుకోదు కదా!

అందుకే తయారీదారులు చాలామంది రెండు హద్దులు పెడతారు. ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని సంవత్సరాలు, ఏది ముందు వస్తే అది. మన పెద్దాయన చూసింది మొదటి హద్దును మాత్రమే.

బెల్టు తెగితే? క్యామ్ షాఫ్టు ఆగిపోతుంది. కారు వేగం వల్ల పిస్టన్లు మాత్రం ఇంకా ఆడుతూనే ఉంటాయి. కొన్ని ఇంజన్లలో తెరిచిన కవాటానికీ పైకి వచ్చే పిస్టనుకూ మధ్య ఎడం మిగులుతుంది. అక్కడ కారు ఆగిపోవడంతో సరి. మరికొన్నింటిలో ఆ రెండూ ఒకే చోటును వేర్వేరు క్షణాలలో వాడుకుంటాయి. తాళం తప్పగానే పిస్టను వచ్చి కవాటాన్ని గుద్దుతుంది. కవాటాలు వంగిపోతాయి, ఒక్కొక్కసారి పిస్టను కూడా పాడవుతుంది. ఆ మరమ్మతు ఖర్చు ముందు బెల్టు ఖరీదు ఏపాటి? మన కారుది ఏ రకం ఇంజనో తెలుసుకోవడం అందుకే ముఖ్యం.

ఈ తర్కం మన చెరకు ప్రాంతానికి కొత్త కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఏ చక్కెర మిల్లులోనైనా క్రషింగ్ కాలం ముగిశాక యంత్రాలను విప్పి, అరిగిన భాగాలను మార్చి, మళ్ళీ బిగిస్తారు. "ఇంకా తిరుగుతోంది కదా" అని ఒక భాగాన్ని వదిలేస్తే అది క్రషింగ్ మధ్యలో విరగవచ్చు. అప్పుడు మిల్లు ముందు చెరకు బండ్లు ఆగిపోతాయి. కోసిన చెరకులో చక్కెర రోజురోజుకూ తగ్గిపోతుంది. భాగం ఖరీదుకన్నా ఆగినందువల్ల కలిగే నష్టం ఎక్కువ.

"బెల్టును ఒకసారి చూసి, పగుళ్ళుంటేనే మారుద్దాం" అనేవారూ ఉన్నారు. పగుళ్ళు కనిపిస్తే మార్చవలసిందే, సందేహం లేదు. కాని పైకి నున్నగా ఉన్న బెల్టు లోపలి దారాలు బలహీనపడి ఉండవచ్చు, పళ్ళ మొదళ్ళు సడలి ఉండవచ్చు. నూనె గాని, రేడియేటరు నీళ్ళు గాని కారి బెల్టును తడిపితే దాని ఆయుష్షు ఇంకా తగ్గుతుంది. కనుక చూపు ఒక్కటే చాలదు. పాత కారు కొన్నప్పుడు బెల్టు మార్చినట్టు రశీదు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోవాలని నా అభిప్రాయం. బెల్టుతోపాటు దాన్ని బిగించి ఉంచే చిన్న కప్పీని కూడా మార్చడం మంచిది. విప్పే కూలి రెండింటికీ ఒక్కటే.

మీరు చేసి చూడదగిన చిన్న ప్రయోగం ఒకటుంది. ఒకే పొట్లంలోని రబ్బరు బ్యాండ్లు మూడు తీసుకోండి. ఒకదాన్ని మూత బిగించిన డబ్బాలో వదులుగా ఉంచండి. రెండవదాన్ని చెక్కముక్కకు సాగదీసి తొడిగి నీడలో పెట్టండి. మూడవదాన్ని అలాగే తొడిగి డాబా మీద ఎండలో పెట్టండి. మూడింటిలో ఏదీ ఒక్క అంగుళం కూడా ప్రయాణించదు. వారానికొకసారి భూతద్దంతో చూసి, తేదీ వేసి రాసుకోండి. పగుళ్ళు ముందు దేనిమీద వచ్చాయి? సాగిన దిశలోనా, దానికి అడ్డంగానా?